సెలవుల మూట: చివరి ఓడ ఒకరోజు ముందే



పోయిన సంచికలో వేల్స్ కొండల రైలు గురించి రాశాక, సంక్రాంతి సంబరాల్లో భోజనాల లైనులో నిలబడి ఉండగా నలుగురైదుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "గ్రీసు దీవులకు మీరు వెళ్ళొచ్చారు కదా, దాని గురించి ఎందుకు రాయరండీ?" అని. ప్లేటులో పులిహోర చూసుకుంటూ ఏదో చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతేమిటంటే, ఆ ప్రయాణం గురించి రాయాలంటే నేను చేసిన ఒక పెద్ద తప్పు ముందు ఒప్పుకోవాలి. ప్రయాణాల శీర్షిక రాసే మనిషికి అది కొంచెం నామోషీయే. మొన్న ఫోనులో ఈ మాట అత్తయ్యగారితో అంటే ఆవిడ నవ్వి, "రాసెయ్యమ్మాయ్. నీ పరువుదేముంది, ఇంకో నలుగురు రేవులో ఇరుక్కోకుండా ఉంటారు" అన్నారు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను.

రెండేళ్ళ కిందటి మాట. అత్తయ్యగారు నరసాపురం నుంచి ఆరు నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చారు. తిరుగు ప్రయాణానికి ముందు ఒక్కసారి ఆవిడకు సముద్రం మధ్య దీవులు చూపించాలని మా అందరి కోరిక. ఆగస్టులో తొమ్మిది రోజులు. నేను కంప్యూటరు ముందు కూర్చుని ప్లాను వేశాను. ఏథెన్సు, అక్కడి నుంచి మైకనోస్, పారోస్, సాంటోరిని, మళ్ళీ వెనక్కి నాక్సోస్. శనివారం పొద్దున్న నాక్సోస్‌లో హైస్పీడ్ ఫెర్రీ ఎక్కితే మధ్యాహ్నం మూడింటికి ఏథెన్సు రేవు, రాత్రికి లండన్ విమానం. అత్తయ్యగారి హైదరాబాదు విమానం మంగళవారం. ఆవిడ యూకే వీసా గడువు బుధవారంతో సరి.

"మధ్యలో రెండు రోజులు ఖాళీ ఉంది కదా" అన్నాను గర్వంగా. మావారు కాగితం చూసి, "రైల్వే టైంటేబులులా ఉంది" అన్నారు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను!

ఈ కథ ఏమైందో తరువాత చెబుతాను. ముందు మీ ప్లానుకు పనికొచ్చే సంగతులు.

దీవులన్నీ ఒక్కచోట ఉండవు

గ్రీసు పర్యాటక శాఖ లెక్కల్లో చిన్నా పెద్దా కలిపి దీవులు 6,000 దాకా ఉన్నాయి. మనుషులు ఉండేవి 227. ఇవి గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపులో దీవి నుంచి దీవికి ఓడలు బాగానే ఉంటాయి గానీ, ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు వెళ్ళాలంటే చాలాసార్లు మళ్ళీ ఒడ్డుకు రావలసిందే.

మనం పోస్టర్లలో చూసే తెల్ల ఇళ్ళ దీవులు సైక్లడీస్ గుంపులోవి. మైకనోస్, పారోస్, నాక్సోస్, సాంటోరిని, మీలోస్ ఇందులోనే ఉన్నాయి. రోడ్స్, కోస్, పట్మోస్ దీవులు టర్కీ తీరం పక్కన ఉండే డోడెకనీస్ గుంపు. కోర్ఫు, కెఫలోనియా, జాకింథోస్ పూర్తిగా అవతలి పక్క, ఇటలీ వైపు సముద్రంలో ఉన్నాయి. "సాంటోరిని చూసి అట్నుంచి అటే కోర్ఫుకు ఓడలో వెళ్దాం" అని మా స్నేహితులొకరు అన్నారు. అది విశాఖపట్నంలో పడవెక్కి గోవాలో దిగుదాం అన్నట్టే! కోర్ఫుకు ఓడ పడమటి తీరంలోని ఇగుమెనిత్స నుంచి, జాకింథోస్‌కు కిలీనీ నుంచి ఉంటుంది. స్కియాథోస్, స్కోపెలోస్‌లకు వోలోస్ రేవు దగ్గర.

సమయం తక్కువున్నవాళ్ళకు ఏథెన్సు పక్కనే సరోనిక్ దీవులున్నాయి. ఈజినాకు మామూలు ఫెర్రీలో గంటంపావు, చిన్న హైడ్రోఫాయిల్‌లో నలభై నిమిషాలు. పొద్దున్న వెళ్ళి సాయంత్రం రావచ్చు. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అదే నా సలహా.

ఇంకొక మాట. వారం రోజులకు రెండు దీవులు, పది రోజులకు మూడు. అంతకు మించి పెట్టుకుంటే మీరు చూసేది దీవులను కాదు, సూట్‌కేసులను.

ఏథెన్సుకు మూడు రేవులు

పెద్ద రేవు పిరేయస్. విమానాశ్రయం నుంచి మెట్రో 2022 అక్టోబరు నుంచి నేరుగా అక్కడికే వెళ్తోంది. గంట ప్రయాణం. అర్ధరాత్రి దిగినవాళ్ళకు ఎక్స్ 96 బస్సు రాత్రీ పగలూ నడుస్తుంది. రేవు చాలా పెద్దది. గేట్లకు ఇ1, ఇ2 అని వరుసగా నంబర్లుంటాయి. మెట్రో దిగితే ఇ6, ఇ7 గేట్లు దగ్గర. ఇ1 మాత్రం రేవు ఆ చివరన ఉంటుంది. పెద్దవాళ్ళతో, పెట్టెలతో నడిచే దూరం కాదు. మీ గేటు నంబరు టికెట్ మీద గానీ మెసేజిలో గానీ చూసుకుని, గంట ముందు రేవులో ఉండండి.

రెండోది రఫీనా. ఇది విమానాశ్రయానికి బాగా దగ్గర, కారులో అరగంట. ఆండ్రోస్, తీనోస్, మైకనోస్ వెళ్ళేవాళ్ళు పిరేయస్ దాకా పోకుండా ఇక్కడే ఎక్కవచ్చు. మూడోది లావ్రియో. కేయా, కిథ్నోస్ లాంటి దీవులకు అక్కడి నుంచి వెళ్ళాలి. టికెట్ కొనేటప్పుడు ఏ రేవు అన్నది రెండుసార్లు చూడండి. రఫీనా టికెట్ పట్టుకుని పిరేయస్‌లో నిలబడితే ఎవరూ ఏమీ చేయలేరు.

పేర్లతో కూడా జాగ్రత్త. సాంటోరినిని ఓడ బోర్డుల మీద "థీరా" అని రాస్తారు. కోర్ఫు అక్కడివాళ్ళకు "కెర్కిరా". అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇరాక్లియో, ఇరాక్లియా. మొదటిది క్రీటు దీవిలో పెద్ద నగరం. రెండోది నాక్సోస్ పక్కన గుప్పెడంత దీవి. ఒక్క అక్షరం తేడా. సైటులో తొందరపడి నొక్కితే క్రీటుకు వెళ్ళాల్సినవాళ్ళు ఆ గుప్పెడంత దీవిలో దిగుతారు.

ఓడలు రెండు రకాలు

ఒకటి మామూలు ఫెర్రీ. పేరుకు మామూలే గానీ ఏడెనిమిది అంతస్తుల భవనమంత ఉంటుంది. కింద లారీలు, కార్లు. పైన సీట్లు, కాఫీ కొట్లు, బయట నిలబడి సముద్రం చూడడానికి డెక్కు. పిరేయస్ నుంచి పారోస్‌కు నాలుగు గంటల పైచిలుకు, నాక్సోస్‌కు ఐదు, సాంటోరినికి ఎనిమిది గంటల దాకా పడుతుంది.

రెండోది హైస్పీడ్. వీటిలో చాలావరకు కాటమరాన్లు. (ఈ ఇంగ్లీషు మాట మన పక్క తమిళుల "కట్టుమరం" నుంచే వెళ్ళింది!) సాంటోరినికి ఐదు గంటల్లో చేరుస్తుంది. టికెట్ బాగా ఎక్కువ. చాలావాటిలో విమానంలో లాగా లోపలే కూర్చోవాలి, బయట గాలికి నిలబడే చోటుండదు. కెరటాలుంటే ఊపు ఎక్కువ. కడుపులో తిప్పే అలవాటున్న పిల్లలకు ఇది శిక్ష.

అసలు తేడా ఇంకొకటుంది. గాలి పెరిగితే ముందుగా ఆగిపోయేవి ఈ హైస్పీడ్‌లే. పెద్ద ఓడ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తొందరగా చేరుస్తుందని ఎక్కువ డబ్బు పెట్టి కొన్న టికెట్టే తొందరగా రద్దయ్యే టికెట్ కూడా. ఈ ఒక్క వాక్యం నాకు ఆ రోజు తెలిసి ఉంటే!

ఎప్పుడు, ఎలా కొనాలి

వేసవి టైంటేబుళ్ళను కంపెనీలు ఒకేసారి ఇవ్వవు. సాధారణంగా జనవరి నుంచి వసంతం దాకా ఒక్కొక్కటిగా విడుదల చేస్తాయి. అందుకని డిసెంబరులో వెతికి "ఓడలే లేవు" అని బెంగ పడకండి. ఫెర్రీహాపర్ లాంటి సైట్లలో అన్ని కంపెనీలూ ఒకచోట కనిపిస్తాయి. అక్కడ చూసి, కంపెనీ సొంత సైటులో మరోసారి సరిచూసుకోవడం నా అలవాటు.

విమానాల్లో లాగా పూట పూటకూ ధర మారడం ఫెర్రీల్లో తక్కువ. కాబట్టి జూన్‌లో, సెప్టెంబరులో మామూలు ఫెర్రీకి కొద్ది వారాల ముందు కొన్నా సరిపోతుంది. కానీ జులై, ఆగస్టుల్లో ఆలస్యం చేయకండి. అందులోనూ ఆగస్టు 15. మనకు స్వాతంత్ర్య దినం, వాళ్ళకు మరియమ్మ పండగ. దేశమంతా ఊళ్ళకు బయలుదేరుతుంది. తీనోస్ దీవిలో రేవు నుంచి కొండ మీది గుడి దాకా మోకాళ్ళ మీద వెళ్ళే భక్తులుంటారు. ఆ పండగకు ముందు, తరువాత ఓడలు సంక్రాంతికి ముందు సికింద్రాబాదు స్టేషనులా ఉంటాయి. మే 1న నావికుల సమ్మె ఉండడం మామూలు. ఆ రోజు ఓడ పెట్టుకోకండి.

చాలా కంపెనీల్లో ఐదేళ్ళ లోపు పిల్లలకు డబ్బుండదు, పదేళ్ళ దాకా సగం టికెట్. డబ్బు లేకపోయినా టికెట్ మాత్రం తీసుకోవాలి. అద్దె కారును ఓడలోకి ఎక్కించాలంటే కారు కంపెనీ ముందుగా ఒప్పుకోవాలి. ప్రతి దీవిలో విడిగా కారు తీసుకోవడమే సుఖం. క్రీటుకో రోడ్స్‌కో రాత్రి ఓడలో వెళ్తూ పెద్దవాళ్ళు వెంట ఉంటే, డబ్బు చూసుకోకుండా క్యాబిన్ తీసుకోండి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు గ్రీసుకు షెంగెన్ వీసా కావాలి, యూకే వీసా చాలదు. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళు దాన్ని అక్కడే తీసుకుని రావడం మంచిది. వాళ్ళ యూకే వీసా గడువు ఎప్పటితో ముగుస్తుందో కూడా కాగితం మీద ఎర్ర సిరాతో రాసుకోండి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నాక్సోస్ రేవులో రెండు రోజులు

శుక్రవారం సాయంత్రం. నాక్సోస్ రేవు పక్కన చిన్న దిబ్బ మీద ఒక పెద్ద పాలరాతి గుమ్మం ఉంటుంది. రెండున్నర వేల ఏళ్ళ కిందట గుడి కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తే మిగిలిన గుమ్మం అది. పిల్లలు దాని కింద ఫోటోలు దిగుతున్నారు. గాలికి అత్తయ్యగారి చీర చెంగు నిలవడం లేదు. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. సముద్రం మాత్రం తెల్లగా పొంగుతోంది.

నా ఫోనుకు మెసేజి వచ్చింది. రేపటి హైస్పీడ్ రద్దు.

నాకు ముందు అర్థం కాలేదు. వాన లేదు, తుఫాను లేదు. ఎండ కాస్తోంది. రేవు వీధిలోని టికెట్ ఆఫీసుకు పరుగెత్తాను. అప్పటికే లైను రోడ్డు మీదకు వచ్చింది. కౌంటరులో ఉన్నావిడ కంప్యూటరు నా వైపు తిప్పి చూపించింది. ఆదివారం హైస్పీడ్ కూడా అనుమానమే. పెద్ద ఓడలు తిరుగుతున్నాయి గానీ, పండగకు వచ్చినవాళ్ళ తిరుగు ప్రయాణం కదా, శనివారం అన్నీ నిండిపోయాయి. ఆదివారం పగలు కూడా అంతే. ఆదివారం రాత్రి ఓడలో ఐదు డెక్కు టికెట్లు దొరికాయి. అది పిరేయస్ చేరేది సోమవారం తెల్లవారుజామున.

ఆ రాత్రి లెక్క వేసుకుంటే నా చేతులు చల్లబడ్డాయి. సోమవారం రాత్రికి లండన్, మంగళవారం మధ్యాహ్నం హైదరాబాదు విమానం. ఈ ఓడ కూడా ఆగిపోతే? బుధవారం దాటితే అత్తయ్యగారిని లండన్‌లోకి రానివ్వరు. ఆవిడ సామాను, బీపీ మందులు, ఆర్నెల్ల నుంచి మనవలకూ మనవరాళ్ళకూ కొన్న బట్టలు అన్నీ మా ఇంట్లో. డెబ్భై ఏళ్ళ మనిషిని పరాయి దేశంలో ఒంటరిగా విమానం ఎక్కించి పంపాలా? గడువు మీరితే మళ్ళీ వీసా ఇస్తారా? మావారు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

అత్తయ్యగారు మాత్రం మంచం మీద కూర్చుని నింపాదిగా జడ అల్లుకుంటున్నారు. "నేను పుట్టింది సఖినేటిపల్లి వైపు, కాపురం నరసాపురం. మధ్యలో వశిష్ఠ గోదావరి. పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి వెళ్ళాలంటే పంటు ఎక్కాలి. వరదొస్తే పంటు కట్టేసేవాళ్ళు. ఒకసారి మా నాన్నకు బాగాలేదని కబురొస్తే, రెండు రోజులు ఈ ఒడ్డున కూర్చుని ఏడ్చాను. ఎవరూ పడవ తియ్యలేదు. తియ్యకపోవడమే మంచిదైంది" అన్నారు. కాసేపాగి, "కచ్చులూరు దగ్గర ఏమైందో చూశాం కదా. అంత వరదలో ఆ బోటు కదలకుండా ఉంటే ఎంతమంది ఇంటికి వెళ్ళేవాళ్ళు!" అన్నారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో మునిగిన బోటు సంగతి ఆవిడ అంటున్నది.

నాకు అప్పుడే ఇంకో సంగతి గుర్తొచ్చింది. మేం నాలుగు రోజుల ముందు దిగిన పారోస్ రేవు బయటే 2000 సెప్టెంబరు 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఫెర్రీ పెద్ద గాలిలో రాళ్ళకు కొట్టుకుని మునిగింది. 80 మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా మెసేజి పంపినవాళ్ళ మీద నాకున్న కోపం పోయింది. మిగిలింది నా ప్లాను మీద కోపమే.

శనివారం మా గదులు వేరేవాళ్ళకు ఇవ్వాలి. ఇంటావిడ తన చెల్లెలి ఇంట్లో రెండు మంచాలు చూపించింది. పిల్లలు కింద పడుకున్నారు. డబ్బు ఇవ్వబోతే సగమే తీసుకుంది. లండన్‌లో మా వీధి చివర ఉండే వదినగారికి ఫోను చేస్తే, తాళం చెవి తన దగ్గర ఉంది కాబట్టి అత్తయ్యగారి సూట్‌కేసులు రెండూ తానే సర్ది, తూకం కూడా వేసి పెట్టింది. ఈ అసోసియేషన్ మనకు ఏమిచ్చిందని అడిగేవాళ్ళకు నేను చెప్పే జవాబు ఆవిడే.

ఆదివారం రాత్రి ఓడ గంటన్నర ఆలస్యంగా వచ్చింది. కానీ వచ్చింది. డెక్కు మీద గాలికి తట్టుకోలేక లోపల మెట్ల పక్కన దుప్పట్లు పరుచుకున్నాం. అత్తయ్యగారు సంచిలోంచి అల్లం మురబ్బా తీసి అందరికీ తలా ముక్క పెట్టారు. మాలో ఎవరికీ కడుపులో తిప్పలేదు. పక్కన కూర్చున్న గ్రీకు ముసలావిడకూ ఒక ముక్క ఇచ్చారు. ఆవిడ బదులుగా నువ్వుల బిస్కెట్లు ఇచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. పిరేయస్ దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

మంగళవారం హీత్రూలో చెకిన్ మూసే ముందు చేరాం. ఐదుగురికి కొత్త విమాన టికెట్లకు అయిన ఖర్చు ఇక్కడ రాయను. మావారు ఈ పత్రిక చదువుతారు!

ఆ గాలి పేరు మెల్తెమి

ఇంటికొచ్చాక ఆ గాలి గురించి చదివాను. దాని పేరు మెల్తెమి. పాతకాలపు గ్రీకులు దాన్ని ఎతీసియన్ గాలులు అనేవారు, అంటే "ఏటేటా వచ్చేవి" అని. ఉత్తరం నుంచి వీస్తుంది. మే నెలాఖరులో మొదలై, జులై ఆగస్టుల్లో ముదిరి, సెప్టెంబరులో తగ్గుతుంది. ఒకసారి పట్టుకుంటే కొన్ని రోజులపాటు వదలదు. మబ్బు ఉండదు కాబట్టి మనలాంటివాళ్ళు మోసపోతాం.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి దాని కారణం. బాల్కన్ దేశాల మీద గాలి ఒత్తిడి ఎక్కువగా, టర్కీ వైపు తక్కువగా ఉండడం వల్ల ఈ గాలి పుడుతుంది. టర్కీ వైపు ఉండే ఆ అల్పపీడనం, వేసవిలో మన దేశం మీద ఏర్పడి నైరుతి ఋతుపవనాలను లాక్కొచ్చే అల్పపీడనానికి పడమటి కొస. అంటే నరసాపురంలో వాన కురిపించే ఏర్పాటూ, నాక్సోస్‌లో మా ఓడను ఆపిన ఏర్పాటూ ఒకదానికొకటి చుట్టాలే! ఫోనులో చెబితే అత్తయ్యగారు, "అందుకే ఆ గాలి నాకు తెలిసినట్టే అనిపించింది" అన్నారు.

మన పిల్లల స్కూళ్ళకు పెద్ద సెలవులు వచ్చేది సరిగ్గా మెల్తెమి ముదిరే రోజుల్లోనే. వీలైతే మే నెలాఖరు హాఫ్ టర్మ్‌లో వెళ్ళండి. ఓడలు బాగానే ఉంటాయి, గాలి, జనం తక్కువ. అక్టోబరు హాఫ్ టర్మ్‌లో ఎండ ఉంటుంది గానీ చాలా ఓడలు తగ్గిపోతాయి. ఆగస్టు తప్పకపోతే ఈ మూడూ పాటించండి.

మొదటిది, చివరి ఓడ ఒకరోజు ముందే. ఏథెన్సు నుంచి విమానమైతే ముందు రోజు రాత్రి ఏథెన్సులోనే పడుకోండి. ఆగస్టులో నేనైతే రెండు రాత్రులంటాను. ఆ రెండు రోజులూ వృథా కావు, అక్రోపొలిస్ ఎక్కడికీ పోదు. ప్రయాణం మొదట్లో చూద్దామనుకున్న ఏథెన్సును చివరికి మార్చండి, అంతే.

రెండోది, చివరి దీవిగా విమానాశ్రయమున్న దీవిని ఎంచుకోండి. సాంటోరిని, మైకనోస్, క్రీటు, రోడ్స్, కోస్‌ల నుంచి వేసవిలో లండన్‌కు నేరుగా విమానాలుంటాయి. ఏథెన్సులో దిగి, క్రీటులో ఎక్కండి. వెనక్కి వచ్చే ఓడే అక్కర్లేదు.

మూడోది, ముఖ్యమైన ప్రయాణానికి పెద్ద ఓడ. హైస్పీడ్ సరదా అయితే మధ్యలో ఒక చిన్న దూరానికి ఎక్కండి.

ఓడ ఆగితే మీకు వచ్చేవేమిటి

యూరోపియన్ యూనియన్ 2010లో చేసిన 1177 నంబరు నిబంధన ప్రకారం ఓడ రద్దయినా, బయలుదేరడం 90 నిమిషాలకు మించి ఆలస్యమైనా, మీకు రెండు దారులున్నాయి. ఇంకో ఓడలో పంపమని అడగవచ్చు, లేదా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. డబ్బయితే ఏడు రోజుల్లో ఇవ్వాలి. రాత్రి ఉండిపోవాల్సి వస్తే మనిషికి రాత్రికి 80 యూరోల దాకా, మూడు రాత్రుల వరకు బస ఖర్చు కూడా కంపెనీదే. కానీ ఆగండి. వాతావరణం వల్ల ప్రమాదమని ఆపితే ఈ బస ఖర్చు రాదు, నష్టపరిహారమూ రాదు. టికెట్ డబ్బో, ఇంకో ఓడో మాత్రం తప్పక వస్తుంది. తప్పిపోయిన విమానానికి ఓడ కంపెనీ జవాబుదారీ కాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు "ఓడ ఆలస్యం వల్ల విమానం తప్పితే" అన్నది అందులో ఉందో లేదో చదవండి. మాదాంట్లో లేదు.

ఇంకొక చిట్కా. రద్దని తెలిసిన నిమిషంలో ఒకరు ఫోనులో వెతకండి, ఇంకొకరు రేవు ఆఫీసు లైనులో నిలబడండి. కోపం తరువాత చూసుకోవచ్చు, సీట్లు ఆగవు.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

చిన్న దీవుల్లో ఓడ ఐదు పది నిమిషాలకు మించి ఆగదు. మీ రేవు పేరు మైకులో చెప్పగానే కిందికి, వాహనాల అంతస్తుకు దిగిపోవాలి. ఎక్కేటప్పుడు పెట్టెలను అక్కడే అరల్లో పెడతారు. ఏ దీవిలో దిగాలో ఆ పేరున్న అరలో పెట్టండి. తలుపు కిందికి వాలుతుండగానే లారీలు ఇంజన్లు మొదలుపెడతాయి. పిల్లల చెయ్యి వదలకండి. మందులు, పాస్‌పోర్టులు, ఒక పూట తిండి పైకి తీసుకెళ్ళండి. శాకాహారులకు ఓడలో పాలకూర పఫ్ లాంటి స్పనకోపిత, జున్ను పఫ్ లాంటి తిరోపిత దొరుకుతాయి. మేం మాత్రం పులిహోర కట్టుకుని వెళ్ళాం, ఎవరూ వద్దనలేదు.

పిల్లల కోసం

పిల్లలూ, అమ్మానాన్నలు టికెట్లు చూసుకుంటుంటే ఓడ బోర్డులు చదివే పని మీది! గ్రీకు అక్షరాలు కొన్ని చాలు. గుమ్మంలా ఉండే అక్షరం "ప". మీ లెక్కల పుస్తకంలో పై గుర్తు అదే. పిరేయస్, పారోస్ దానితోనే మొదలవుతాయి. గుండ్రటి సున్నా మధ్యలో అడ్డగీత ఉంటే "థ". ఇంగ్లీషు హెచ్‌లా కనిపించేది "ఈ", ఇంగ్లీషు పీలా కనిపించేది "ర". ఆ మూడూ వరుసగా వచ్చి చివర "ఆ" ఉంటే ఏ దీవి? థీరా, అంటే సాంటోరిని! ఒకదాని కింద ఒకటి మూడు అడ్డగీతలుంటే "క్స". నాక్సోస్ బోర్డులో వెతకండి.

గాలిని కొలిచే లెక్క కూడా నేర్చుకోండి. ఫ్రాన్సిస్ బోఫర్ట్ అనే నావికుడు 1805లో తయారు చేశాడు. సున్నా నుంచి 12 దాకా ఉంటుంది. 6 అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్లు, గొడుగు పట్టుకోవడం కష్టం. 8 అంటే 62 నుంచి 74, ఎదురుగా నడవడమే కష్టం. రేపటి గాలి ఎంతో రోజూ సాయంత్రం చూసి ఇంట్లో చెప్పండి. మా అబ్బాయి ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా అదే చేస్తాడు.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య" అని మనకు సామెత ఉంది కదా. మేం మాత్రం ఆ నాక్సోస్ టికెట్ ఆఫీసు ఆవిడకు, ఇంటావిడకు కిందటేడు దీపావళికి కార్డు, ఒక అల్లం మురబ్బా డబ్బా పంపాం. అత్తయ్యగారికి మళ్ళీ వీసా వచ్చింది. ఈ మే నెలలో వస్తున్నారు. మళ్ళీ నాక్సోస్ వెళ్దామని ఆవిడే అడిగారు. ఈసారి రెండే దీవులు, పెద్ద ఓడ, చివర రెండు రాత్రులు ఏథెన్సు. ప్లాను కాగితం మీద మొదటి గీత గీసింది నేను కాదు, అత్తయ్యగారు. అది చివరి ఓడ కింద గీసిన గీత.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. మీ ప్రయాణం క్షేమంగా జరగాలి.